ఆరో మంచం దగ్గర నిమిషం

నర్సింగ్ కాలేజీ వెనకవైపు, కింది అంతస్తులో, నడవా చివర ఒక గది ఉంది. తలుపు మీద ఏదో పెద్ద పేరు రాసిన బోర్డు ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ అది బొమ్మల గది. ఆరు మంచాలు, వాటి మీద ఆరు రబ్బరు బొమ్మలు. మనిషంత పొడుగు, నోరు కొంచెం తెరిచి, కళ్లు పైకప్పు వైపు. పిల్లలు మనుషుల మీద చెయ్యి వేసే ముందు వీటి మీద నేర్చుకోవాలి. సూది వెయ్యడం, కట్టు కట్టడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, అన్నీ ఇక్కడే.

పగలు ఆ గదిలో నవ్వులే నవ్వులు. చీకటి పడితే మాత్రం ఆ నడవాలో ఎవరూ అడుగు పెట్టరు.

ఎందుకంటే... రాత్రిళ్లు అక్కడ ఎవరో లెక్కపెడుతుంటారట.

ఆరో మంచం దగ్గర. గుసగుసగా. నలభై ఒకటి... నలభై రెండు... అలా అరవై దాకా పోయి ఆగుతుందట. కాసేపటికి మళ్లీ ఒకటి నుంచి. వెనకటికి పరీక్ష తప్పి ప్రాణం తీసుకున్న పిల్ల అని కొందరు, కాదు, ఆ బొమ్మేనని కొందరు. విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తలుపు తీసి చూసినవాళ్లు లేరు.

ఒక్క అమ్మాయి తీసింది. ఆమె చెప్పగా విన్నవాళ్లు చెప్పిన కథ ఇది.

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ "డెబ్భై రెండు" అనేవాళ్లు. ఆ పేరు ఆమె చేతులారా తెచ్చుకున్నదే.

నాడి చూడాలంటే మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాలి. తెలివి లేక కాదు, పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా అప్పజెప్పగలదు ఆ పిల్ల. కానీ పక్కన ఎవరైనా నిలబడితే చాలు, గుండె దడదడలాడేది. వేళ్ల కింద కొట్టుకునేది రోగి నాడో తన నాడో తెలిసేది కాదు. ఇరవై దాటేసరికి లెక్క తప్పేది. మళ్లీ మొదలుపెడితే చూసేవాళ్లు ఏమనుకుంటారోనని భయం. చివరికి ఒక అడ్డదారి పట్టింది. కులాసాగా ఉన్న మనిషికి నాడి డెబ్భై రెండు ఉంటుంది కాబట్టి, ఎవరిని చూసినా డెబ్భై రెండని రాసేసేది.

మొదటిసారి పరీక్షలోనే దొరికిపోయింది. పరీక్ష పెట్టినావిడ నిమిషం మేడమ్. అందరూ పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే ఆవిడ ఊరుకోదు. "పావు నిమిషం బతికినవాడు నిమిషమంతా బతుకుతాడని నీకెవరు చెప్పారమ్మా?" అంటుంది. అందుకే ఆ పేరు. ఆవేళ ఆవిడ ఆరో మంచం మీది బొమ్మ చెయ్యి చూపించి, నాడి ఎంతో రాయమంది. మన అమ్మాయి ఆ రబ్బరు చెయ్యి పట్టుకుని, చెమటలు కక్కుతూ నిమిషం కూర్చుని, డెబ్భై రెండని రాసింది.

"రబ్బరుకి ప్రాణం పోశావే," అంది మేడమ్. "పెద్ద డాక్టర్ల వల్ల కూడా కాని పని."

క్లాసంతా పడీపడీ నవ్వింది. రెండోసారి బొమ్మ కాదు, మనిషే. అప్పుడూ లెక్క తప్పింది, పరీక్షా తప్పింది. ఇక మిగిలింది ఒక్కసారి. మూడోసారి కూడా తప్పితే యూనివర్సిటీ రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు. మూడేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

పరీక్ష రేపు తొమ్మిదింటికి అనగా సాయంత్రం తల్లి ఫోను చేసింది. ఆ తల్లి బట్టలుతికే కంపెనీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఊళ్లో ఆసుపత్రుల యూనిఫారాలన్నీ ఆమె చేతి మీదుగా పోవలసిందే.

"ఇన్నేళ్లూ ఎవరెవరి తెల్లబట్టలో ఇస్త్రీ చేశానే. నీ వాటికి మడత ఎక్కడ రావాలో ఇప్పట్నుంచే అనుకుంటున్నా. రేపు బాగా రాయి."

"రాయడం కాదమ్మా. చెయ్యి పట్టుకుని చూడాలి."

"అదేం పెద్ద పని? చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకోనిదే నిద్రపోయేదానివి కాదుగా."

"ఉంటానమ్మా, వార్డు డ్యూటీ ఉంది," అని పెట్టేసింది.

ఆ డ్యూటీ రాత్రి ఎనిమిదింటి దాకా. వార్డులో పన్నెండు మంచాలు. నాలుగు గంటలకోసారి ప్రతి రోగికీ జ్వరం, నాడి, ఊపిరి చూసి, మంచం కాళ్ల దగ్గర వేలాడే షీటులో రాయాలి. ఎనిమిదింటి వంతు ఆమెది. కానీ మనసంతా బొమ్మల గదిలో ఉంది. ఈ రాత్రి ఎలాగైనా ఆ గదిలో ఒంటరిగా కూర్చుని, ఎవరూ చూడకుండా, చెయ్యి పట్టుకుని లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి. ఆ తొందరలో నాలుగు మంచాలు చూసింది... మిగతావి చూడకుండానే రాసుకుంటూ పోయింది.

బొమ్మ నాడి చూడ్డం కోసం మనుషుల నాడి చూడ్డం మానేసింది. అది అప్పుడు తట్టలేదు.

పన్నెండో మంచం మూలన, పరదా వెనక ఉంది. ఏడున్నరకి ఎవరో ఆడమనిషిని చేర్చారు. కడుపునొప్పి అట. ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. గోడవైపు తిరిగి, దుప్పటి తలమీదుగా కప్పుకుని ఉంది. లేపితే విసుక్కుంటుందేమో అనుకుంది అమ్మాయి. షీటు మీద పేరు కూడా చదవలేదు. ఎనిమిది గంటలు — నాడి డెబ్భై రెండు, ఊపిరి పద్దెనిమిది అని రాసేసింది.

పదింటికి వాచ్‌మన్ తాత దగ్గర తాళంచెవి అడిగింది.

"పోయి పోయి ఈ వేళప్పుడా తల్లీ?"

"రేపే పరీక్ష, తాతా. ఇదే ఆఖరు."

ముసలాయన తాళంచెవి చేతిలో పెట్టాడు గానీ వెంటనే వదల్లేదు. "లెక్క వినపడితే పరిగెత్తకు," అన్నాడు మెల్లగా. "అరవై అయ్యేదాకా కదలకుండా ఉండు. ఇన్నాళ్లూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు మరి."

"నాకు దెయ్యం భయం లేదు తాతా. రేపు తొమ్మిదింటి భయమే."

గదిలో ఒక్క దీపమే వెలిగింది, తలుపు దగ్గరది. అమ్మాయి మొదటి మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. జేబులోంచి నీలం పెన్ను తీసింది. నాడి దొరికినచోట పెన్నుతో చిన్న చుక్క పెట్టుకుంటే వేలు తప్పిపోదని ఒక సీనియర్ అక్క చెప్పింది. బొమ్మ మణికట్టు మీద చుక్క పెట్టి, గోడ గడియారం చూస్తూ మొదలుపెట్టింది. ఒకటి... రెండు... మూడు...

పదిహేను దగ్గర ఆగింది.

తను ఆగినా లెక్క ఆగలేదు.

"...పదహారు... పదిహేడు... పద్దెనిమిది..."

గది ఆ చివర నుంచి. ఆరో మంచం దగ్గర నుంచి.

లేవబోయి ఆగింది. తాత చెప్పింది గుర్తుంది... అరవై దాకా కదలకూడదు. ముప్ఫై... నలభై... ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. యాభై... అరవై.

లెక్క ఆగింది.

"ఇలా రా," అంది గొంతు.

తెల్లకోటు. మెడ దాకా దువ్వి ముడివేసిన జుట్టు. ఆరో మంచం పక్కన స్టూలు మీద, నిటారుగా... నిమిషం మేడమ్.

అమ్మాయికి పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం ఇంకా ఎక్కువ భయపడింది. దెయ్యమైనా నయమనిపించింది.

"మేడమ్... నేను... రేపటి కోసం..."

"తెలుసు. బొమ్మని వదిలెయ్. నాది చూడు."

చెయ్యి చాపింది. అమ్మాయి వేళ్లు ఆనించింది. ఆ చెయ్యి... ఇనుప మంచం పట్టీ ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంది. వేళ్లు అటు జరిపింది, ఇటు జరిపింది. ఏమీ లేదు. ఇక్కడే ఉండాలి అనుకున్నచోట నీలం చుక్క పెట్టుకుని, దాని మీద వేళ్లు నొక్కి, ముల్లు చూసింది.

ముల్లు చుట్టూ తిరుగుతోంది. పది... ఇరవై... వేళ్ల కింద ఏమీ కదలడం లేదు. తన గుండె మాత్రం చెవుల్లో డప్పులా మోగుతోంది. ముల్లు పైకి వచ్చింది.

"ఎంత?"

నాలుక చివర డెబ్భై రెండు సిద్ధంగా ఉంది. ఆ మాట అంటే ఏమవుతుందో తెలుసు. దొరకలేదంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ తల్లి కళ్లముందు మెదిలింది.

"దొరకలేదు, మేడమ్."

"సరిగ్గా చెప్పు."

"లేదు." ఏడుపు ఆగలేదు. "మీకు నాడి లేదు."

మేడమ్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి ఎనిమిదింటికి డెబ్భై రెండని రాశావుగా," అంది.

తలుపు దగ్గర దీపం ఒక్కసారి కునికింది. మళ్లీ వెలిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది.

ఆ అమ్మాయి ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. నడవా, మెట్లు, వార్డు తలుపు. నైట్ సిస్టర్ తల ఎత్తి ఏదో అడుగుతున్నా ఆగలేదు. ముఖం కూడా చూడకుండా రాసిన ఆ పన్నెండో మంచం పరదా లాగింది. దుప్పటి తీసింది.

నిమిషం మేడమ్. పెదాలు సున్నం రంగు. నుదుటి మీద చెమట.

చెయ్యి బయటికి లాగింది. మణికట్టు మీద... నీలం చుక్క.

చుక్క మీద వేళ్లు ఆనించింది. ఏమీ లేదు. ఇంకొంచెం నొక్కింది. ఏమీ లేదు... అప్పుడు, దారం తెగిపోయే ముందు వణికినట్టు —

"ఒకటి," అంది పైకే. "రెండు. మూడు. అక్కా, డాక్టరుగారిని పిలవండి. నాలుగు, ఐదు..."

నూట నలభై. ఈసారి లెక్క తప్పలేదు.

డాక్టరు వచ్చాడు, కడుపు నొక్కి చూశాడు, షీటు తీశాడు. "లోపల రక్తం పోతోంది. ఎనిమిదింటికి డెబ్భై రెండు ఉందే. మరి ఎప్పుడు మొదలైనట్టు?"

ఆయనకి జవాబు కావాలి, వెంటనే కావాలి.

"ఎనిమిదింటికి నేను చూడలేదు సార్," అంది అమ్మాయి. "చూడకుండా రాశాను. ఆ అంకె నమ్మకండి."

సిస్టర్ ఆమె వైపు చూసిన చూపు జన్మలో మరిచిపోదు. మంచం చక్రాల మీద ఆపరేషన్ గదికి పరిగెత్తింది.

మర్నాడు పరీక్ష జరగలేదు. పెట్టాల్సిన మనిషే మత్తులో ఉంది. కాలేజీలో ఈ అమ్మాయి పేరు కొట్టెయ్యాలని కాగితం తయారైంది. పెట్టె సర్దుకుని కూర్చుంది గానీ తల్లికి ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు. పదో రోజున మేడమ్ కబురు పంపింది: సంతకం పెట్టేముందు ఆ పిల్లని ఒకసారి నా దగ్గరికి పంపండి.

మేడమ్ దిండుకి ఆనుకుని కూర్చుంది. చిక్కిపోయింది. చూపు మాత్రం అదే చూపు.

"దీని సంగతేమిటి?" అంది, మణికట్టు చూపిస్తూ. "స్పిరిట్‌తో రుద్దారు, సబ్బుతో కడిగారు. పోవడం లేదు."

"నేనే పెట్టాను, మేడమ్. బొమ్మల గదిలో. మీరే చెయ్యి చాపారు."

మేడమ్ కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ గదిలో రాత్రిళ్లు లెక్కపెట్టేది నేనే. ఇరవై ఏళ్లుగా. నేను చదువుకునేటప్పుడు... నేనూ ఒకసారి చూడకుండా రాశాను. తెల్లారేసరికి ఆ మనిషి లేడు. ఆ బాకీ తీరదు గానీ, రోజూ ఒక నిమిషం కూర్చుంటే నిద్ర పడుతుంది." ఆగింది. "ఆ రాత్రి మాత్రం నేను మంచం దిగలేదు. దిగే స్థితిలో లేను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

"నీకింకా ఒక పరీక్ష ఉంది," అంది మేడమ్, చెయ్యి చాపి. "కానియ్. నిమిషం నిండా."

అమ్మాయి నీలం చుక్క మీద రెండు వేళ్లు ఆనించింది. చెయ్యి వెచ్చగా ఉంది. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగింది. అమ్మాయి ముఖం పాలిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇంకో నిమిషం.

"ఎంత?"

"మేడమ్... మీరు నమ్మరు."

"నువ్వు చూశావా, లేదా?"

"చూశాను. రెండుసార్లు." వేళ్లు తియ్యకుండానే చెప్పింది. "డెబ్భై రెండు."

మేడమ్ నవ్వలేదు. రెండో చేతి వేళ్లతో తన మెడ మీద తడిమి, కళ్లు మూసుకుని, పూర్తిగా ఒక నిమిషం తనూ లెక్కపెట్టుకుంది. కళ్లు తెరిచి, మార్కులు వెయ్యడానికి బల్ల మీది ఎర్ర పెన్ను అందుకుంది.

అప్పుడు గానీ అమ్మాయి ఆవిడ మణికట్టు మీంచి వేళ్లు తియ్యలేదు.

తీసి చూస్తే — అక్కడ చుక్క లేదు.