హంతకుడు చదివిన ప్రకటన

"ఏమప్పా హంతకుడా! అది తుపాకీనా, తాటిమట్టనా? సరిగ్గా పట్టుకో!"

రిహార్సల్ మొదటిరోజే యేసుప్రసాద్‌ను నోటితోనే కాల్చేసింది స్తుతి. పేరుకే స్తుతి, పెదవి విప్పితే నిందాస్తుతి! డోన్‌లో డ్రాయింగ్ టీచరు. చర్చి యువజనుల నాటకంలో చిత్రకారిణి వేషం ఆమెదే. యుద్ధంలో పట్టుబడి, తనను చంపడానికి వచ్చిన సైనికుడి బొమ్మే గీస్తుంది. బొమ్మ పూర్తికాగానే అతడు కాల్చాలి. ఆ సైనికుడు మన యేసుప్రసాద్. చీమ కుడితే చీమకే సారీ చెప్పే రకం.

గన్ను బొమ్మదే గానీ ఆమె కన్ను నిజమైనదాయె. నెల తిరిగేసరికి హంతకుడే గాయపడ్డాడు.

ఈలోగా ఆమెకు కడప సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. ఆక్షేపణ ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పాలి. చదివేది సంఘ కార్యదర్శి. ఆయనెవరంటారా? యేసుప్రసాదే! తన గుండెకు తానే గుండు. ఇప్పటికి రెండుసార్లు పేల్చుకున్నాడు.

శనివారం సాయంత్రం నాటకం. బొమ్మ పూర్తయింది. అతడు తుపాకి ఎత్తాడు, పేల్చలేదు.

"కాల్చప్పా!" తెరవెనక నుంచి నాటకం నేర్పిన కృపారాణి అక్క గుసగుస.

స్తుతి నాటకంలో లేని మాట మెల్లగా అంది. "చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు."

ముందు వరసలో ఆమె నాన్న దావీదురాజు కనబడ్డాడు. యేసుప్రసాద్ కాల్చేశాడు. చప్పట్లు మోగాయి.

తెర పడ్డాక ఆమె బొమ్మను అతని చేతిలో పెట్టింది. అచ్చం అతడే. నోరు మాత్రం లేదు.

"నోరు యాడ?"

"నువ్వు తెరిస్తే గదా నేను గీసేది." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నేనొక్కదాన్నే అయితే నాయన ముందర నిలబడలేను. రేపు నువ్వు ఒక్కమాట అను. నేనూ లేచి నిలబడతా."

ఆదివారం. మైకు ముందు మూడోసారి చదివాడు. "...ఎవరికైనా ఆక్షేపణ ఉన్న యెడల ఇప్పుడే తెలుపవలెను."

ఆడవాళ్ళ వైపు స్తుతి తలెత్తింది. లేవడానికి చాపమీద చెయ్యి ఆనించింది. దావీదురాజు నిండుగా నవ్వుతూ అతనివైపే చూస్తున్నాడు. యేసుప్రసాద్ చూపు కాగితంలోకి దించుకున్నాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మైకు పోయిందేమప్పా?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"లేదయ్యగారూ. బాగనే పనిచేస్తాండాది."

పేజీ తిప్పాడు. "మంగళవారం స్త్రీల కూడిక విశ్వాసమ్మ గారింట్లో జరుగును..."

స్తుతి చాపమీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.