సిర్రా ద్వీపానికి ఒక్కటే విమానం

దుబాయ్‌లో డేరా ఒడ్డుకు అబ్రా వచ్చి తగిలింది. పడవలోని జనం గబగబా మెట్లెక్కి సూక్ బజారులోకి చెదిరిపోయారు. ఒక్క మనిషి మాత్రం బల్ల మీద నుంచి లేవలేదు. పడవ నడిపే సనావుల్లా వచ్చి అతడి భుజం తట్టాడు. ఆ మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఒడ్డునే ఉన్న మసాలా దుకాణం ముందు నిలబడి చూస్తున్న సేల్స్‌మన్ పిడికిళ్లు బిగుసుకున్నాయి. నెత్తిన తెల్ల టోపీ, మాసిన గడ్డం, వచ్చేపోయే టూరిస్టులను పిలిచే కేక, అన్నీ వేషమే. అసలు పేరు మహీధర్. భారత ఇంటెలిజెన్స్‌లో గల్ఫ్ ఏజెంట్.

చనిపోయినవాడు ఆదిశేషు. అమలాపురం మనిషి. ఫుజైరా తీరంలో షేక్ గానిమ్ నడిపే విమానానికి మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆ ఉదయం దుకాణానికి వచ్చి అతడు ఒక్క మాట అడగాలి. ఎండుమిర్చి అడిగితే విమానంలో బాంబు ఉన్నట్టు. యాలకులు అడిగితే లేనట్టు. ఏదీ అడగకుండానే పోయాడు.

అతడి కాలర్ కింద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది. పక్కన కూర్చుని వచ్చిన పొడవాటి విదేశీయుడు అప్పటికే మెట్లెక్కి జనంలో కలిసిపోతున్నాడు. వెంటపడితే వేషం పోతుంది, వేషం పోతే మిషన్ పోతుంది. మహీధర్ కదలలేదు. సర్వీసులో అంతకంటే కష్టమైన పని అతడు ఎప్పుడూ చేయలేదు.

చీఫ్ వేణుగోపాలరావు ఆఫీసు అక్కడికి దగ్గర్లోనే ఒక ట్రావెల్ ఏజెన్సీ పైన ఉంటుంది. ఆయన గోడ మీది మ్యాప్‌లో ఫుజైరాకు ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న చుక్కను పెన్నుతో తాకి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

ఆ చుక్క సిర్రా ద్వీపం. ఒక రాడార్ స్టేషన్, కొన్ని జాలరి కుటుంబాలు, అలలను ఆపడానికి కొత్తగా కడుతున్న బ్రేక్‌వాటర్ రాతిగట్టు, అంతే అక్కడ ఉన్నది. కానీ మన దేశానికి వచ్చే ఆయిల్ ట్యాంకర్లన్నీ ఆ ద్వీపం పక్క నుంచే రావాలి. క్రోనర్ అనే కిరాయి సైన్యాధిపతి కన్ను దాని మీద పడింది. వాడికి ఒక దేశమంటూ లేదు, డబ్బిచ్చినవాడిదే జెండా. ద్వీపాన్ని పట్టుకుంటే ట్యాంకర్లన్నీ వాడి గుప్పిట్లో ఉంటాయి. అడ్డుగా ఉన్నది షేక్ గానిమ్ ఒక్కడే. రాజకుటుంబంలో పుట్టినా ప్యాలెస్‌లో కూర్చోకుండా రోజూ తానే ఆ ద్వీపం మీద గస్తీ తిరిగే పైలట్. కోస్ట్ గార్డ్ బోట్లు విన్యాసాల కోసం దూరం వెళ్లాయి. ఇవాళ ఆ తీరంలో ఎగరగలిగింది గానిమ్ విమానం ఒక్కటే.

"విమానంలో బాంబు పెట్టారని అక్షయ మెసేజ్ ఇచ్చింది. ఆదిశేషును చెక్ చేయమన్నాం. వాడు కనిపెట్టాడు, అందుకే చంపేశారు," అన్నాడు చీఫ్. "నువ్వు ఫుజైరా వెళ్లు. ఆ విమానం ఎగరకూడదు."

అక్షయ చీఫ్ పెట్టిన డబుల్ ఏజెంట్. విశాఖపట్నం అమ్మాయి. క్రోనర్ కంపెనీలో పీఆర్ డైరెక్టరుగా కూర్చుని వాడి రహస్యాలు వీళ్లకు చేరవేస్తుంది.

ఆదిశేషు సంగతి ఏం చేస్తారని మహీధర్ అడిగాడు. పోలీసులు గుండెపోటు అని రాసుకుంటారనీ, కాదని చెబితే ఎవరి మనిషో చెప్పాల్సి వస్తుందనీ చీఫ్ జవాబిచ్చాడు.

"ముగ్గురు పిల్లలున్నారు సార్ అతడికి."

"తెలుసు. కోపం డ్యూటీ అయ్యాక పడు."

మహీధర్ తలుపు గట్టిగా వేసి బయటపడ్డాడు. డ్యూటీకి ముందు ఇంకొక పని ఉంది. ఆదిశేషు భార్య బేబీ డేరాలోనే ఒక అరబ్ కుటుంబం ఇంట్లో వంటమనిషి. ఆ వార్త ఏ పోలీసో ఫోన్‌లో చెప్పడం అతడికి ఇష్టం లేదు.

బేబీ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఏడవలేదు. చేతిలోని గరిటెను మెల్లగా గట్టు మీద పెట్టి, గుండెపోటేమిటండీ అని అడిగింది. తన మొగుడు పొద్దున కూడా ఫోన్ చేశాడంది.

"నవ్వుతా మాట్టాడారండి. బోల్టు బోల్టూ విప్పి చూశాను బేబీ, మా ఫ్లైటు కడిగిన ముత్యంలా ఉంది అన్నారు. ఆ మాట చెప్పేసొచ్చి నన్ను చేపల మార్కెట్‌కి తీసుకెళ్తానన్నారు. అలాంటోడికి గుండె ఎలా ఆగుద్దండి? ఎవరు ఆపేరో చెప్పండి నాకు."

 చెబుతాను అని మాత్రం అన్నాడు మహీధర్.

ఫుజైరా దారిలో కారు సజ్జా ఊరు దాటింది. లేబర్ క్యాంపుల వరుసలు, రాళ్లు మోసే లారీల దుమ్ము వెనకబడ్డాయి. ఎర్రకొండల మధ్య రోడ్డు మలుపులు తిరుగుతోంది. మహీధర్ తల కూడా అలాగే తిరుగుతోంది. బాంబు ఉందని అక్షయ అంది. లేదని ఆదిశేషు అన్నాడు. బాంబును కనిపెట్టినందుకు చంపారనుకున్నాం. లేదని తెలుసుకున్నందుకు చంపి ఉంటే?

అతడి కాలు ఒక్కసారిగా యాక్సిలరేటర్‌ను నొక్కింది. బాంబు అవసరమే లేదు వాళ్లకు. బాంబు ఉందన్న మాట చాలు. ఆ మాటతో విమానాన్ని నేల మీద కూర్చోబెట్టేది క్రోనర్ కాదు, మహీధరే. తమ ఆర్డరుతో తమ చేతులే కట్టించుకుంటున్నారు.

హ్యాంగర్‌లో విమానం చుట్టూ ఎర్ర టేపు కట్టి ఉంది. ముందూ వెనకా రెండు సీట్లున్న గస్తీ విమానం అది. రెక్కల కింద గన్నులున్నాయి. ఫ్లయింగ్ సూట్‌లో ఉన్న షేక్ గానిమ్ బోనులో పెట్టిన పులిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. నల్ల పట్టు అబాయాలో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని అక్షయ ఒక పెట్టె మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. షేక్ ప్రాణం తనకు ముఖ్యమని, అందుకే స్వయంగా వచ్చానని ఇంగ్లీషులో తీయగా చెబుతోంది.

మహీధర్ జేబులోంచి పెన్ను తీశాడు. పేలుడు పదార్థం వాసన తగిలితే కీచుమనే స్నిఫర్ అది. ముక్కు నుంచి తోక దాకా విమానం చుట్టూ తిప్పాడు. పెన్ను నోరు మెదపలేదు. ఇలాంటి బొమ్మలను నమ్మితే ప్రాణాలు పోతాయని అక్షయ నవ్వింది.

అతడు తెలుగులోకి మారాడు. "ఆదిశేషు ఏం చెప్పాడో తెలుసా?"

"చెప్పకముందే పోయాడుగా పాపం."



"అతడు చెప్పకముందే పోయాడని నాకూ, చీఫ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు," అన్నాడు మహీధర్. "నీకెవరు చెప్పారు?"

అక్షయ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన తుపాకీ బయటికి వచ్చేలోపే షేక్ విసిరిన హెల్మెట్ ఆమె మణికట్టుకు తగిలింది. తూటా రేకుల కప్పులోకి పోయింది. గార్డులు బేడీలు వేస్తుంటే ఆమె చెదిరిన జుట్టు సవరించుకుంది. ఇంకేం చేసినా లాభం లేదనీ, బ్రేక్‌వాటర్ రాళ్లు మోసే బార్జ్ పడవ ఈపాటికి సిర్రా చేరి ఉంటుందనీ చెప్పింది.

"ఎవరి మనిషివి నువ్వు?" అన్నాడు మహీధర్.

"మర్చిపోయాను," అంది అక్షయ. "నిజంగా."

షేక్ గానిమ్ ఎర్ర టేపును చేత్తో తెంపాడు. బాంబు లేదని అంత ధైర్యంగా చెబుతున్నవాడివి వెనక సీట్లో కూర్చోగలవా అని మహీధర్‌ను అడిగాడు. మహీధర్ అప్పటికే నిచ్చెన ఎక్కుతున్నాడు.

"యల్లా," అన్నాడు షేక్, పద అన్నట్టు.

విమానం సముద్రం మీదికి దూసుకుపోయింది.  ఎత్తు పెరుగుతున్న కొద్దీ మహీధర్ ఆదిశేషు నవ్వును తలుచుకున్నాడు. ఏమీ పేలలేదు.

సిర్రా కనిపించింది. బ్రేక్‌వాటర్ చివర ఒక బార్జ్ కట్టేసి ఉంది. పైకి రాళ్లు, వాటి మధ్య టార్పాలిన్ లాగేసిన మిసైల్ లాంచర్. షేక్ ట్రిగ్గర్ మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు. లాంచర్ చుట్టూ నారింజ రంగు లైఫ్ జాకెట్లలో మనుషులు గొంతుక్కూర్చుని ఉన్నారు. నూటికి పైనే ఉంటారు. బ్రేక్‌వాటర్ పనివాళ్లు. వాళ్ల వెనక తుపాకులు.

రేడియోలో క్రోనర్ గొంతు వినిపించింది. తీరికగా మాట్లాడుతున్నాడు. కాల్చుకోవచ్చని షేక్‌కు అనుమతి ఇచ్చాడు. "ఉత్త లేబరే కదా, యువర్ హైనెస్. పోతే రేపు ఇంకో విమానం నిండా వస్తారు."

షేక్ మెడ నరాలు ఉబ్బడం వెనక సీట్లోంచి మహీధర్‌కు కనిపించింది. "వాళ్లు నా ద్వీపంలో ఉన్నారు," అన్నాడతను పళ్ల బిగువున. "నా అతిథులు. నా ఇంటికొచ్చి నా అతిథిని అడ్డం పెట్టుకుంటాడా వీడు."

తానేం చేయగలడో అతడికి తోచలేదు. మహీధర్‌కు తోచింది. ఆ పనివాళ్లలో ఎక్కువమంది గోదావరి జిల్లాల వాళ్లు. క్రోనర్ ముఠాలో తెలుగు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు హ్యాంగర్‌లో బేడీలతో ఉంది.

అతడు మైక్ అందుకుని గొంతు మార్చాడు. తాను ఫుజైరాలో లేబర్ కంపెనీ ఆఫీసు గుమాస్తాననీ, దయచేసి తొందరపడొద్దనీ వణుకుతూ బతిమాలాడు. వాళ్లు భయంతో ఏదైనా పిచ్చి పని చేయవచ్చు, కదలకుండా కూర్చోమని వాళ్ల భాషలో తాను చెబుతానన్నాడు. క్రోనర్ నవ్వి, బార్జ్ డెక్ మీది స్పీకరుకు లైన్ కలిపించాడు.

మహీధర్ క్యాంపులో నోటీసు చదివే గొంతుతో చదివినట్టే మాట్లాడాడు.

"అందరికీ నమస్కారమండి. ఎవరూ తలెత్తొద్దు, అరవొద్దు. నేను మనోణ్ణే. ఇప్పుడు మీ నెత్తి మీదికి ఒక విమానం వస్తాది. దాని మోత దగ్గరికి రాగానే అందరూ సముద్రంలోకి దూకేయండి. జాకెట్లున్నాయి, మునగరు. ఈత రానోడి చెయ్యి ఈత వచ్చినోడు పట్టుకోండి. తెలుగు రానోణ్ణి కూడా లాక్కుపొండి. అర్థమైతే సరేనన్నట్టు తలలూపి బుద్ధిగా కూర్చోండి."

డెక్ మీద తలలన్నీ బుద్ధిగా ఊగాయి. ఫోర్‌మన్ నాగబాబు వాకీటాకీలోంచి ఒక్క మాట వచ్చింది.

"అలాగేనండి."

చాలా బాగా చెప్పావని క్రోనర్ మెచ్చుకున్నాడు.

షేక్ విమానాన్ని నీళ్లకు తగిలీ తగలనంత కిందికి దించాడు. రెక్కల కింద నురగ లేస్తోంది. లాంచర్ మెల్లగా వాళ్ల వైపు తిరిగింది. కాక్‌పిట్‌లో మిసైల్ లాక్ అయిన హెచ్చరిక మొదలైంది, ఆగకుండా చెవులు చిల్లులు పడేలా. పక్కకు తప్పుకుంటే బతకొచ్చు. షేక్ తప్పుకోలేదు. తిట్టు ఒకటి అరబ్బీలో గొణుగుతూ సూటిగా పోనిచ్చాడు.

డెక్ మీద నారింజ రంగు ఒక్కసారిగా పొంగి అంచులు దాటి ఒలికిపోయింది. తుపాకుల వాళ్లు ఎటు కాల్చాలో తెలియక ఒకరినొకరు తోసుకున్నారు. లాంచర్ చుట్టూ పనివాడు ఒక్కడూ మిగల్లేదు. లాంచర్ మూతిలో నిప్పు మెరవబోతున్న క్షణంలో షేక్ ట్రిగ్గర్ నొక్కాడు.

గన్నులు లాంచర్‌ను నిలువునా చీల్చాయి. మిసైల్ గొట్టంలోనే పేలింది. బార్జ్ రెండుగా విరిగి, రాళ్లు తాము చేరాల్సిన సముద్రంలోకే జారిపోయాయి.

"ఖలాస్," అన్నాడు షేక్ గానిమ్.

మహీధర్ నీళ్లలోని నారింజ చుక్కల మీద నుంచి కళ్లు తిప్పలేకపోయాడు. జాలరి పడవలు వచ్చి అందరినీ ఎక్కించుకున్నాయని, ఒక్కరు కూడా పోలేదని తెలిశాకే సీటు బెల్టు వదులు చేసుకున్నాడు. విమానం ఫుజైరాలో దించి ఇద్దరూ పడవలో సిర్రా చేరేసరికి, లైఫ్ జాకెట్ లేని ఒక పొడవాటి మనిషిని నాగబాబు కాలర్ పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చి ఉంచాడు. మొహం చూడగానే మహీధర్ గుర్తుపట్టాడు. డేరా మెట్లెక్కి వెళ్లిపోయిన మనిషి, నోరు విప్పితే రేడియోలో విన్న గొంతే. ఆదిశేషును తన చేతుల్తోనే చంపినవాడు క్రోనరే. మహీధర్ పిడికిలి లేచింది. షేక్ అడ్డుపడలేదు, పక్కకు తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డాడు. అయినా మహీధర్ కొట్టలేదు. వాడి పేరు కోర్టులో పలకాలి, బేబీ వినాలి.

ఆ సాయంత్రం గుండెపోటు అన్న మాట కొట్టేసి హత్య అని రాయించేదాకా చీఫ్ గదిలోంచి అతడు కదలలేదు. 

షేక్ గానిమ్ డ్రైవరును కూడా తీసుకుపోకుండా బేబీ దగ్గరికి వెళ్లాడు. మహీధర్ వెంట ఉండి ఇద్దరి మాటలూ తర్జుమా చేశాడు. చంపినవాడి పేరు విని బేబీ తలూపింది. తర్వాత ఒక్కటే అడిగింది, ఆయన బాగుచేసిన విమానం ఎలా ఎగిరింది అని.

"అంత వేగంలో కూడా ఒక్క బోల్టు వణకలేదమ్మా," అన్నాడు షేక్. అప్పుడు ఏడ్చింది బేబీ.

పత్రికల్లో మాత్రం బార్జ్ ప్రమాదమని రెండు వాక్యాలు వచ్చాయి. మర్నాడు బ్రేక్‌వాటర్ కాంట్రాక్టరు మేనేజరు, పనివాళ్లు ముదీర్ అని పిలిచేవాడు, క్యాంపులో నోటీసు అంటించాడు. అనుమతి లేకుండా పని వదిలి సముద్రంలోకి దూకినందుకు అందరికీ సగం రోజు గైర్హాజరు.

సంగతి షేక్ చెవిన పడింది. ఆయన ఆ ముదీర్‌ను సిర్రాకు పిలిపించి, కాఫీ తాగించి, భుజం మీద చెయ్యేసి మాట్లాడుతూ బ్రేక్‌వాటర్ చివరిదాకా నడిపించుకెళ్లాడు. అక్కడ ఆగి, కింద లోతుగా కదులుతున్న నీళ్లు చూపించి చాలా మర్యాదగా అడిగాడు.

"మీకు ఈత వచ్చా?"