ఒక్క నిమిషం పట్టుకోండి

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అక్క మార్లిస్ అడవిలో నడవడం అదే మొదటిసారి. విస్కాన్సిన్‌లో మా ఊరి పక్కనే స్టేట్ పార్కు. అందులో చెరువు చుట్టూ తిప్పి, మళ్ళీ కారు దగ్గరికే తెచ్చి వదిలే చుట్టుదారి ఒకటుంది. చిన్నప్పట్నుంచీ నడిచిందే. అక్టోబరు చివర్లో ఒకరోజు మధ్యాహ్నం దాటాక బయల్దేరాం.

"ముసల్దానిలా ఆ నడకేంటే ఆర్డిత్? కుంటిదాన్ని నేనా, నువ్వా?" అంది అక్క, చేతికర్రతో నా పిక్క మీద పొడుస్తూ.

"నీకోసమే మెల్లగా నడుస్తున్నా. మరీ ఎగిరిపడకు."

సగం దూరం పోయేసరికి చెరువు మీంచి పొగమంచు లేచింది. మెల్లగా చెట్ల మధ్యకి పాకింది. దారి తెలియడానికి మానుల మీద పూసిన నీలిరంగు గుర్తులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పక్షులు ఊరుకున్నాయి. నానిన ఆకుల కుళ్ళు వాసన గొంతులోకి దిగుతోంది.

ఎదురుగా ఒకావిడ వచ్చింది. మా వయసే ఉంటుంది. ఆకుపచ్చ వానకోటు. పక్కకి చాచిన చేతిలో, కుక్కని పట్టుకునే తోలు తాడు. తాడు బిగుసుకుని పొదల్లోకి పోయింది. రెండో కొస కనపడలేదు.

"మీ కుక్క ఉడతని చూసినట్టుంది" అంది అక్క నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. పెదాలు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి.

"ఒక్క నిమిషం పట్టుకుంటారా? చెయ్యి తిమ్మిరెక్కిపోయింది."

నాకెందుకో వద్దనిపించింది. నోరు తెరిచేలోగా అక్క చెయ్యి చాచేసింది. అక్క అంతే. దారినపోయేవాళ్ళ బరువంతా తనదే.

తాడు చేతులు మారింది. ఆవిడ తన ఖాళీ అరచేతిని చూసుకుంది. వేళ్ళు ముడిచింది, తెరిచింది. గొంతులోంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. ఆ వెంటనే పరుగు అందుకుంది, వెనక్కి తిరిగి చూడకుండా.

"ఏమండీ! మీ కుక్క!" అని అరిచాను.

అడుగుల చప్పుడు పొగమంచులో కలిసిపోయింది. పొదల్లో మాత్రం ఊపిరి వినపడింది. నెమ్మదిగా... బరువుగా...

"ఆర్డిత్..." అక్క గుసగుసలాడింది. "ఇది లాగుతోందే."

"వదిలెయ్."

"వదుల్తున్నా. వేళ్ళు రావట్లేదు."

చేతికర్ర జారి పడిపోయింది. ఒక అడుగు... ఇంకో అడుగు... అక్క దారి దిగిపోయింది. నడుం చుట్టూ చేతులేసి వెనక్కి గుంజాను. ఇద్దరి కాళ్ళూ బురదలో జారుతున్నాయి. ఎదురుగా పొదల్లో ఒక్క ఆకైనా కదల్లేదు. తాడు మాత్రం లోపలికి పోతూనే ఉంది.

అక్క పిడికిలి పట్టుకుని ఒక్కో వేలూ పెళ్ళగించాను. అక్క కేక పెట్టింది. చిటికెనవేలు టప్పుమంది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. తాడు ఆకుల్లోకి జర్రున జారిపోయింది.

అక్కని కారు దాకా ఎలా మోసుకొచ్చానో నాకు తెలీదు. పార్కు గార్డు వెళ్ళి దారంతా వెతికొచ్చాడు. వానకోటు ఆవిడ ఎక్కడా లేదన్నాడు. ఆ రోజు మా కారు తప్ప ఇంకో కారే రాలేదన్నాడు.

విరిగిన వేలు అతుక్కుంది. అక్క మళ్ళీ నవ్వుతోంది, నన్ను వెక్కిరిస్తోంది. ఒక్క అలవాటే కొత్తగా వచ్చింది. పొద్దుగూకే వేళకి వెళ్ళి పెరటి తలుపు తెరుస్తుంది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మూసేస్తుంది. అడిగితే "గాలి కోసమే" అంటుంది.

మొన్న శుక్రవారం అక్క, చేపలు వేయిస్తున్నా తన ఇంటికి రమ్మంది. నేను లోపల పెరటి తలుపు పక్కనే నిలబడి బూట్లు విప్పుకుంటున్నాను. అక్క వచ్చి తలుపు బార్లా తీసింది. బయట ఎవరూ లేరు.

"కాస్త పక్కకి జరగవే" అంది మెల్లగా.

గోడకి ఆనుకున్నాను. గరుకైన బొచ్చు, నా భుజం ఎత్తున, నన్ను ఒరుసుకుంటూ లోపలికి పోయింది.