పోతామా, పోదామా

"యాడికి?" అన్నాడు సుభాష్.

"ఇంటికి సార్" అంది మోక్షిత, బ్యాగు జిప్పు లాగుతూ.

"కస్టమర్లు ఇంకా ఉండారు."

"ఉండారు సార్. ఆరు కూడా అయినాది."

తిరుత్తణిలో చెంగయ్యగారు మోటారు పంపుల షాపు పెట్టినప్పటి నుంచి ఇలాంటి మాట ఎవరూ విని ఎరగరు. అక్కడ పని ముగిసే వేళ గోడ గడియారంలో ఉండదు. చెంగయ్యగారు ఆవలించాలి. ఆ ఆవలింత తొమ్మిదికి రావచ్చు, పదికీ రావచ్చు. కొడుకు సుభాష్ ఎంబీయే చదివి వచ్చి, ఆ పద్ధతిని ఏమాత్రం మార్చకుండా దానికి 'వర్క్ కల్చర్' అని పేరు మాత్రం పెట్టాడు.

మోక్షిత కే.జీ.కండిగై రైతు కూతురు. బిల్లింగ్ పనికి చేరిన మొదటి రోజే ఆరుకు లేచి వెళ్లిపోయింది. రెండో నెలకల్లా ఫిట్టర్లు కన్నన్, మునెయ్య వంతులేసుకుని ఆదివారం సెలవు తీసుకోవడం మొదలుపెట్టారు. రైతులు ధర కనుక్కోవడానికి బస్సెక్కి రావడం మాని ఆమెకు వాయిస్ మెసేజీలు పంపుతున్నారు. వ్యాపారం పడిపోయి ఉంటే సుభాష్‌కు ఎంతో హాయిగా ఉండేది. పెరిగింది.

అంతకంటే ఘోరం, ఆరు దాటాక షాపు బోసిపోతోంది. మనిషి ఎదురుగా ఉంటేనే కదా మనసారా విసుక్కునేది!

"లీవు పెట్టి ఏం చేస్తావు నువ్వు?" అని ఒకరోజు అడిగాడు.

"తింటా, తిరగతా, నిద్రపోతా. మీరూ ఒక దినం ట్రై చేయండి సార్. చచ్చిపోరు."

కన్నన్ నవ్వు ఆపుకోలేక గోడౌన్‌లోకి వెళ్లిపోయాడు.

ఇంతలో శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీ నుంచి మోక్షితకూ, ఆమె స్నేహితురాలు మనీషకూ పిలుపు వచ్చింది. సోమవారమే చేరాలట. మునెయ్య ఆ కబురు చెబితే సుభాష్ "మంచిదే" అన్నాడు. అని, ఎదురుగా ఉన్న రైతుకు అడిగిన మోటారు కాకుండా ఇంకోదానికి బిల్లు వేశాడు.

శుక్రవారం ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఆమెకూ అతనికీ ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. కాబట్టి తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. తమిళంలో 'త'కూ 'ద'కూ ఒకటే అక్షరం. సుభాష్ చదువుకున్నది ఇదీ: 'ఆదివారం తిరువళ్ళూరు పోతాం. తొమ్మిదికి బస్టాండుకు వస్తారా?'

పోతాం! మనీషా, తనూ. ఫ్యాక్టరీకి దారి తిరువళ్ళూరు మీదుగానే. పైగా సాగనంపడానికి రావాలట, ఎంత పొగరు! 'సరే' అని కొట్టాడు. ఆ తర్వాత అన్నం సహించలేదు.

ఆదివారం సరిగ్గా అతను ఇల్లు దాటేదాకా ఆగి వాన మొదలైంది. బస్టాండు రేకుల కింద ఆకుపచ్చ చుడీదార్‌లో మోక్షిత నిలబడి ఉంది. చేతిలో చిన్న గొడుగు ఉంది గానీ పెట్టె లేదు. అది గమనించే స్థితిలో సుభాష్ లేడు.

"ఆరుకు యాల, అయిదుకే పో! ఆదివారం అందరికీ లీవిస్తా. నాయనతో నేను మాట్లాడతా. ఇంక్రిమెంటు కూడా..."

ఆమె అడ్డు చెప్పకుండా అంతా శ్రద్ధగా వింది.

"ఇదంతా షాపు కోసరమేనా సార్?"

"షాపు ఏమన్నా కానీ! నువ్వంటే నాకిష్టం. నువ్వు లేకుంటే నా చేత కాదు మోక్షితా. పోవద్దు."

పక్కన పూలమ్మే ముసలామె "అప్పాడా!" అని హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది.

మోక్షిత ముఖం ఎర్రబడింది. ఫోను తీసి అతని ముందు పెట్టింది.

"నేను రాసింది పోదాం. మీరూ నేనూ. సినిమాకు. ఫ్యాక్టరీకి పోయేది మనీష ఒకతే. నేను వద్దంటిని."

"యాల?"

"ఆడ నువ్వు లేవు గదా."

'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు. సుభాష్ ఏదో అనబోయేలోగా జేబులో ఫోను మోగింది. చెంగయ్యగారు.

"షాపు తెరిచే టైము. యాడుండావురా?"

"ఈ దినం లీవు నాయనా."

"లీవా! ఎవురిచ్చిరి?"

సుభాష్ మోక్షిత వైపు చూశాడు.

"నీ కోడలు."

మోక్షిత అతని చేతి మీద గట్టిగా గిల్లింది గానీ కాదనలేదు. చెంగయ్యగారు ఫోను పెట్టేశారేమోనని సుభాష్ చూసుకున్నాడు. పెట్టలేదు.

"బిల్లింగు పాపేనా?"

"అవును నాయనా."

"అట్లయితే" అన్నారు చెంగయ్యగారు, గొంతు బాగా తగ్గించి, "నాకూ ఒక దినం లీవు కావాలని అడగరా."