గూటి చెవి

"జతలో ఒక్కటే ఎందుకు సాగుతుందండీ?" అంది వకుళ, రెండు సాక్సులూ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని. ఒకటి బిగువుగానే ఉంది. రెండోది చీలమండ దగ్గర నోరు తెరుచుకుని వేలాడుతోంది.

పురుషోత్తం ఇడ్లీ మీంచి తల ఎత్తలేదు. "మిషన్‌లో వేస్తావుగా. అదే సాగదీస్తుంది."

"మిషన్‌కి ఎడమా కుడీ తెలుసా? రెండూ కలిపే వేస్తాను, కలిపే తీస్తాను. ఇది మూడో జత."

"అయితే కొత్తవి కొను."

"కొనడం గురించి కాదు నేనడిగేది. అసలు ఇంట్లో సాక్సులెందుకు మీకు? ఈ ఉక్కపోతలో భోజనానికి కూడా అవి తొడుక్కునే కూర్చుంటున్నారు."

"మడమలు పగిలాయి. గచ్చు తగిలితే మండుతోంది."

"పొద్దున్నే సాక్సుల పంచాయతీ ఏమిటే అమ్మాయ్?" అంది కామాక్షమ్మ మంచం మీంచి. "వాడి కాళ్ళు, వాడి సాక్సులు." ఆవిడ రొంటి సంచిలో వక్కపలుకు కోసం చెయ్యి పెడితే ముందు చిన్న పిస్తోలు చేతికొచ్చింది. దాన్ని దుప్పటి మీద పెట్టి, వక్క వెతుక్కుని, మళ్ళీ సంచిలో వేసుకుంది.

నీహార జడ అల్లుకుంటూ నవ్వింది. "ఏదో ఒకరోజు వక్క అనుకుని దాన్నే నములుతావు మామ్మా."

"నమిలితే మాత్రం ఏం? అది నా వేలికే పేలుతుందిట, పళ్ళకి కాదుట."

"పళ్ళెక్కడున్నాయి నీకు?"

పురుషోత్తం చెయ్యి కడుక్కుని గడప దాటాడు. చెప్పుల అరల మీద ఇనప గూడు ఉంది. అరచెయ్యి ఆనిస్తే అతని అర తెరుచుకుంది. తన పెద్ద పిస్తోలుని, రక్షికని, తీసి నడుముకు పెట్టుకున్నాడు. వీధిలో అన్ని ఇళ్ళకీ అలాంటి గూళ్ళే ఉన్నాయి. కాపలా బలగాలను ఎత్తేసి, ఇంటింటికీ రక్షికలు పంచిన ఏడాది అందరూ గొడవపడ్డారు. తర్వాత దానికీ ఒక మర్యాద ఏర్పడింది. చెప్పులూ పెద్దదీ గడప బయటే. పెళ్ళిచూపులకొచ్చినా, పరామర్శకొచ్చినా ముందు గూటి దగ్గర ఆగి, అక్కడ వదిలి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి.

చిన్నది, ఉపరక్షిక, వచ్చాక దానికి ఏ మర్యాదా ఏర్పడలేదు. అది కనబడకుండా ఉండడమే దాని పని.

"వకుళా, ఫ్రిజ్ మీద పెట్టె అలాగే ఉంది," అన్నాడు పురుషోత్తం బూట్లు వేసుకుంటూ. "ఇవాళ దీపాలవేళలోగా కట్టుకోవాలి. మన ఇంట్లో మిగిలింది ఒక్కరేనని వార్డు నుంచి మళ్ళీ కబురొచ్చింది. అందరూ కట్టుకోకపోతే ఇంటి భద్రతా శ్రేణి పోతుంది, కాలేజీ బస్సు మన వీధిలోకి రాదు. పిల్ల ఉప్పుటేరు వంతెన మీద నడవాలి."

"పెద్దది ఉందిగా నాకు."

"నాకూ ఉండేది ఆ రోజు వంతెన మీద. ఇద్దరొచ్చారు. ఒకడు చేతులు విరిచి పట్టుకున్నాడు, ఇంకొకడు నడుములోంచి లాగేశాడు. నాదే నా మీద పెట్టారు. అప్పుడు కాలికి ఇంకోటి ఉండుంటే..." అతను బూటు తాడు బిగించి లేచాడు. "ఒకటి పోతే ఇంకోటి ఉండాలి. అంతే. ఇందులో ఆలోచించడానికేముంది?"

ఆ రోజు ఇంటికొచ్చి అతను స్నానాల గదిలో కుళాయి విప్పి చాలాసేపు ఉండిపోయాడు. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉందని వకుళకు తెలుసు. అందుకే అతనితో వాదించలేకపోయేది.

తండ్రీ కూతుళ్ళిద్దరూ వెళ్ళాక వకుళ వంటింటి పక్కగదిలో బల్ల ముందు కూర్చుని చెవులకు తొడుగులు పెట్టుకుంది. ఆమె శబ్దపాఠకురాలు. ప్రతి ఇంటి గూటికీ ఒక చెవి ఉంది. అది ఎప్పుడూ వింటూనే ఉంటుంది, విన్నది ఎప్పటికప్పుడు చెరిపేసుకుంటూనే ఉంటుంది. ఆ ఇంట్లో ఏదైనా పేలితే మాత్రం, పేలకముందు కాసేపూ, పేలాక కాసేపూ దాచుకుంటుంది. పాఠకుల దగ్గరికి వచ్చేసరికి మాటలు తీసేసి ఉంటాయి. ఎవరి గొంతూ వినబడదు. చప్పుళ్ళే మిగులుతాయి. యంత్రానికి తాలింపు చప్పుడూ వాన చప్పుడూ ఒక్కటే కాబట్టి, ఇళ్ళు నడిపిన మనుషుల చేత చదివిస్తారు.

ఇవాళ్టి మొదటి శబ్దపు ముక్కలో కుక్కర్ మూత తీసిన చప్పుడు ఉంది. స్టీలు కంచం బల్ల మీద పెట్టారు. గ్లాసులో నీళ్ళు పోశారు. మాటలు తీసేసిన చోట మెత్తటి ఖాళీ, మళ్ళీ ఖాళీ, ఇంకా పెద్ద ఖాళీ. కుర్చీ జరిగింది. తర్వాత 'చర్ర్' అని ఒక చిన్న చప్పుడు. ఆ తర్వాత పేలుడు. కంచం కింద పడి, అంచు మీద గిరగిరా తిరిగి, తిరిగి, ఆగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

వకుళ ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయింది. 'చర్ర్' దగ్గర ఆగింది. అంతకుముందు కూడా ఎన్నో ముక్కల్లో అది విన్నది. పాత చీర చింపినట్టూ ఉంటుంది, కానీ చీర కాదు. గడప దాకా చేరేసరికి దాని మీద ఏదో బట్ట కప్పినట్టు ఉంటుంది. ఒక్క చప్పుడుకి పేరు రాయకపోయినా ముక్క మొత్తం 'అస్పష్టం' కిందికి పోతుంది. అస్పష్టమైనదాన్ని చొరబాటుగా లెక్కేసి భయసూచిలో కలుపుతారు. సాయంత్రం వీధి గేటు మీద ఆ అంకె ఎర్రగా వెలుగుతుంది. అది చూసుకునే జనం ఉపరక్షికలకి పేర్లిస్తారు.

తలుపు చప్పుడు లేదు. గడియ కదల్లేదు. కుక్క మొరగలేదు. చొరబడ్డవాడు ఎటునుంచి వచ్చాడో రాయడానికి ఆమె ముందున్న తెర మీద గడి లేదు. ఆ ముక్కను కూడా అస్పష్టంలోకి పంపి, వకుళ బీరకాయలు తరగడానికి లేచింది.

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీశాక ఫ్రిజ్ మీది పెట్టె దించింది. ఉపరక్షిక చేతి సబ్బంత ఉంది. బూడిద రంగు. దానికి వెడల్పాటి అతుకుపట్టీ. వకుళ స్టూలు మీద కూర్చుని ఎడమ కాలి వెండి పట్టీని పైకి జరిపి, దాన్ని చుట్టి అద్దింది. ఒంటి వేడి తగలగానే చిన్న పచ్చ చుక్క వెలిగి ఆరిపోయింది. చీర కుచ్చెళ్ళు దించితే ఏమీ కనబడలేదు.

లేచి వంటింట్లో అటూ ఇటూ నడిచింది. అసహ్యంగా ఉంటుందనుకుంది. లేదు. వంతెన గుర్తొచ్చినా గుండె ఎప్పటిలా కొట్టుకోలేదు. నీహార ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలు గుర్తు చేసుకుంది. అప్పుడూ నిబ్బరంగానే ఉంది. ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళూ ఎందుకు బెట్టు చేశానా అనిపించింది.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు."

వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకి వకుళ గిర్రున తిరిగింది. తిరిగేసరికి ఒక మోకాలు వంగి ఉంది. చెయ్యి కుచ్చెళ్ళ కిందికి వెళ్ళి ఉంది. వేళ్ళు ఆ బూడిద రంగు దాని మీద ఉన్నాయి. ఎదురుగా గోడ పట్టుకుని, చెదిరిన జుట్టుతో, నిద్రకళ్ళతో డెబ్భై ఏళ్ళ ముసలావిడ నిలబడి ఉంది.

"ఏం పడిందే, వెతుకుతున్నావు?"

"ఏం లేదత్తయ్యా. పట్టీ జారితే."

నీళ్ళిచ్చింది. ఆవిడ వెళ్ళాక స్టూలు మీద కూలబడి, అతుకుపట్టీ కొస పట్టుకుని లాగేసింది.

చర్ర్.

చీర కింద, మెత్తగా, బట్ట కప్పినట్టు.

వకుళ కాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత లేచి, దండెం మీది సాక్సు తీసుకుని, సాగిన చోట బొటనవేలు పెట్టి చూసింది. అతుకుపట్టీ వెడల్పెంతో సాగుడూ అంతే. చిన్నదాన్ని కూడా ఇంటికొచ్చాక గూట్లోనే పెడుతున్నానని పురుషోత్తం చెప్పాడు. ఒక్కొక్కరి అర వాళ్ళ అరచేతికే తెరుచుకుంటుంది. ఆమె ఎప్పుడూ చూడలేదు, చూడాలనుకోలేదు. అతనికి రోజూ ఎదురుగా నిలబడి అన్నం వడ్డిస్తూనే ఉంది.

మళ్ళీ బల్ల ముందుకు వెళ్ళి పొద్దుటి ముక్కను వెనక్కి పిలిచింది. కంచం, నీళ్ళు, కుర్చీ, చర్ర్. ఖాళీగా వదిలిన చోట రాసింది: 'అతుకుపట్టీ ఊడదీసిన చప్పుడు. ఉపరక్షిక. మనిషి అప్పటికే ఇంట్లో, భోజనం దగ్గర ఉన్నాడు.'

'పాఠం ఖాయమా?' అని అడిగింది తెర.

ఖాయమంది. ఒకసారి పేరు దొరికితే అదే చప్పుడున్న ముక్కలన్నిటికీ అదే పేరు పెట్టుకోవడం దానికి నేర్పిన పని. యంత్రం ఆ పని చేసుకుపోయింది. తెర మీద అస్పష్టాలు ఒక్కొక్కటే చొరబాట్లలోంచి జారి 'ఇంటిలోపల' కిందికి చేరుతుంటే వకుళ చూస్తూ కూర్చుంది. ఎన్ని వంటిళ్ళు, ఎన్ని కంచాలు! చివర్న ఒక వాక్యం వచ్చింది: 'పాఠకురాలి ఇంటి శ్రేణి పరిశీలనలో ఉంది.'

దీపాలవేళ పురుషోత్తం చెమటలు కక్కుతూ వచ్చాడు. "గేటు మీద అంకె ఆరిపోయింది," అన్నాడు. "మన వీధే కాదు, వార్డంతా అంతే. ఎవరికీ ఏమీ తెలియట్లేదు. అంకె ఉన్నప్పుడే నయం. కనీసం ఎంత భయపడాలో తెలిసేది."

"కూర్చోండి, వడ్డిస్తాను," అంది వకుళ.

బీరకాయ పప్పు, కంద వేపుడు, చారు. నలుగురి కంచాలు. వకుళ మిగతా ముగ్గురికీ అన్నం పెట్టి, గరిటె చేత్తో పట్టుకునే నిలబడింది.

"నేను దాన్ని కట్టుకోను," అంది.

పురుషోత్తం ముద్ద కలుపుతూ ఆగాడు. "మళ్ళీ మొదలా?"

"మధ్యాహ్నం కట్టుకున్నానండీ. బాగానే ఉంది. నిజంగానే ధైర్యంగా ఉంది. అత్తయ్యగారు వెనకనుంచి నీళ్ళడిగితే చెయ్యి దాని మీదికి పోయింది."

"నా మీదికా?" అంది కామాక్షమ్మ.

"మీ మీదికే."

ఆవిడ నవ్వబోయి ఊరుకుంది. ఎడమ చెయ్యి రొంటి సంచి మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"అది కొత్తలో అలాగే ఉంటుంది," అన్నాడు పురుషోత్తం. "అలవాటైతే పోతుంది."

"మీకు పోయిందా? ఎడమ సాక్సు నాకు అన్నీ చెప్పింది లెండి. గూట్లో పెడుతున్నానన్నారు. ఇక్కడ ఎవరున్నారని కట్టుకుని కూర్చుంటున్నారు? మేం ముగ్గురమే ఉన్నాం."

అతను కంచంలోకే చూస్తూ అన్నాడు, "దొంగ వస్తే ముందు చేరేది గూటి దగ్గరికేగా. అక్కడున్నది ఎవరిదవుతుంది? అందుకని మొదట్లో... తర్వాత తియ్యబుద్ధి కాలేదు. తీస్తే ఆ వంతెన మీద ఉన్నట్టే ఉంటుంది వకుళా."

"తెలుసు."

"తెలిస్తే మరి పిల్ల సంగతేమిటి? రేపు బస్సు రాదు."

"నేను తోడు వెళ్తాను."

"ఉత్త చేతుల్తోనా?"

"ఉత్త చేతుల్తోనే. ఏమైనా జరగొచ్చు. జరగదని నేను చెప్పడం లేదు." ఆమె గరిటెతో వీధి వైపు చూపించింది. "గేటు మీద అంకె ఆరింది నా వల్లే. పొద్దస్తమానం నేను వినే చప్పుళ్ళు దొంగలవి కావు. ఇలాంటి బల్లలవే. ఇలా అన్నం తింటున్నవాళ్ళవే. అందుకని చెబుతున్నాను. ఇవాళ్టినుంచి చిన్నది కూడా చెప్పుల దగ్గరే. గడప లోపల అది ఒంటిమీదున్న వాళ్ళకి ఈ చేత్తో వడ్డించను. మిగతాది మీ ఇష్టం."

చర్ర్.

బల్ల కిందనుంచి, మెత్తగా. వకుళ చెవి దాన్ని గుర్తుపట్టాక కళ్ళు వెతికాయి. పురుషోత్తం రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. వార్డు కబురు గుర్తొచ్చింది. మిగిలింది ఒక్కరే. నీహారను ఇంకా లెక్కలోకి తీసుకోలేదనుకుంది తను.

ఆ క్షణంలోనే పురుషోత్తం కుడిచెయ్యి, పప్పన్నం అంటిన వేళ్ళతోనే, బల్ల కిందికి వెళ్ళిపోయింది.

నీహార ఎడమ చెయ్యి నెమ్మదిగా పైకి వచ్చింది. అరచేతిలో బూడిద రంగుది. దాన్ని ఆవకాయ జాడీ పక్కన పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాలేజీలో అందరికీ ఇచ్చారమ్మా," అంది. "చెబితే బాధపడతావని..." మాట సగంలోనే వదిలేసింది. ఆమె చూపు తల్లి మీద లేదు. ఒక పక్కకి ఒరిగిన తండ్రి భుజం మీద ఉంది.

"నేను తీసి పెట్టేశాను నాన్నా," అంది.

పురుషోత్తం కూతురి కేసి చూశాడు. అతని ముఖం ఆ వంతెన మీంచి వచ్చిన రోజులా ఉంది. చెయ్యి పైకి రాలేదు.

"నాన్నా."

కంచంలో చారు చల్లారుతోంది. ఫ్యాను తిరుగుతోంది. వకుళ గరిటె పట్టుకుని, రెండో చప్పుడు కోసం నిలబడింది. అది వినబడినా, తీసి పెట్టడానికో, పట్టుకోవడానికో ఆ చప్పుడులో తెలియదని ఆమెకి తెలుసు.

గడప దగ్గర గూటి చెవి కూడా వింటూనే ఉంది. దాచుకోవాలో, చెరిపేసుకోవాలో దానికింకా తెలియలేదు.