చదవకుండా చేసిన సంతకం

"ఆ ఖాతాలోంచి దయచేసి నా పేరు తీసేయండి. ఇప్పుడే!"

రెండువేల ఆరవ సంవత్సరం, జూన్ మాసం. హుకుంపేట సమీపంలోని ఒక కొండ గ్రామంలో, కాఫీ గింజలు ఆరబెట్టే షెడ్డు రేకుల మీద వాన దరువు వేస్తుండగా, మహిళా కాఫీ సంఘం పాస్‌బుక్కును గుండెకు అదుముకుని, నిలువెల్లా తడిసి నిలబడిన అజయ్ పలికిన మాటలివి. అతడు అమెరికాలో పుట్టి పెరిగాడు, తల్లిదండ్రులది విజయనగరం. కాఫీ పండ్లను కడిగి ఆరబెట్టే కొత్త పద్ధతులు నేర్పడానికి కిందటేడు ఈ కొండలకు వచ్చి, తిరుగు ప్రయాణం ఊసెత్తకుండా ఉండిపోయాడు.

సంఘం కార్యదర్శి సోని నడుముకు చేతులు ఆనించింది. ఇంటర్మీడియట్ చదివిన ఆ యువతికి కోపం వచ్చిందంటే పుస్తకాల తెలుగు పక్కకు తప్పుకుని, కొండ మాట ముందుకు వచ్చేది.

"ఏటి సారూ, మా పేర్ల పక్కన మీ పేరుంటే నామోషీయా?"

"నామోషీ కాదండీ, ప్రాబ్లెమ్! నేను అమెరికన్ సిటిజన్‌ని. ఏ దేశంలో ఉన్నా ఏటేటా అమెరికాకి టాక్స్ రిటర్న్ వెయ్యాలి. పైగా ఇక్కడి ఖాతా మీద నాకు సంతకం చేసే హక్కుంటే, డబ్బు నాది కాకపోయినా, ఖాతాలో మొత్తం ఒక హద్దు దాటితే వాళ్లకి రిపోర్ట్ చెయ్యాలి. ఈ నెలాఖరే లాస్ట్ డేట్. చెయ్యకపోతే పెనాల్టీ!"

గింజలు ఏరుతున్న చిన్నమ్మలు అనే ఆమె చేట కింద పెట్టింది. "అంటే మా కాఫీ డబ్బుల మీద అమెరికావోడు పన్నేత్తాడా?"

"లేదమ్మా. పైసా కూడా తీసుకోరు. చెప్పాలి, అంతే."

"సెప్పడానికే ఇంత బయమైతే, ఆ దేశంలో ఎలాగ పెరిగావు నాయనా!"

ఆడవాళ్లంతా నవ్వారు. సోని మాత్రం నవ్వలేదు. బయటి నుంచి వచ్చినవారు నాలుగు రోజులుండి వెళ్లిపోవడం ఆ ఊరికి అలవాటే. నమ్ముకున్న మనిషి సంతకాన్ని సంఘం ఖాతాలో ఉంచడం ఆ ఊరి మర్యాద. కిందటి కోతల్లో అజయ్ పేరు చేర్చినప్పుడు, "ఈయన ఎళ్లిపోయే మనిషి కాదు" అని అందరి ముందూ పూచీ పడినది సోనియే.

"తీసేత్తాం సారూ. రేపు బేంకు తలుపు తియ్యగానే. ఇశాపట్నం బస్సెప్పుడో కూడా కనుక్కోమంటారా?"

"బస్సెందుకు?"

"పేరు తీయించుకున్నోలు ఉండిపోతారా ఏటి?" అంటూ ఆమె వాన వైపు ముఖం తిప్పుకుంది.

మూలన కూర్చుని వెదురు బుట్ట అల్లుతున్న సోని తండ్రి సుక్రు తలెత్తాడు.

"ఒక్క మాట బాబూ. ఆ కాయితం మీద సంతకం ఎట్టింది నువ్వే గదా?"

"నేనేనండి."

"అమెరికావోడికి ఇంత బయపడేవోడివి, సదవకుండా ఎందుకెట్టావు?"

అజయ్ చెవులు పండిన కాఫీ పండ్లలా ఎర్రబడ్డాయి.

"డిసెంబర్లో సోని గారు కాగితాలు తెచ్చారు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలితో చూపించారు. నేను... కాగితం వైపు చూడలేదండి."

"మరెటు సూసావు?" చిన్నమ్మలు విడిచిపెట్టే మనిషి కాదు.

అజయ్ సోని వైపు చూశాడు. ఇక చెప్పవలసిన అవసరం లేకపోయింది. షెడ్డంతా ఘొల్లుమంది. సుక్రు తన చిరునవ్వును బుట్టలోనే దాచుకున్నాడు.

సోని వచ్చి పాస్‌బుక్కు అందుకుంది. "ఉంచమంటారా, తీయించమంటారా?"

"ఉంచండి. ప్రతి జూన్‌లోనూ రిపోర్ట్ చేసుకుంటాను."

"ఎన్ని జూన్లు?"

"మీరు ఉండమన్నన్ని."

అంతటితో ఆగక, అతడు సుక్రుకు ఎదురుగా వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సుక్రు గారూ, ఏటా నా రిటర్నులో పెళ్లికానివాడినని టిక్కు పెడుతున్నాను. డిసెంబరు ముప్పై ఒకటో తేదీలోగా మీ అమ్మాయితో పెళ్లయితే, ఈ సంవత్సరానికే ఆ టిక్కు మార్చుకోవచ్చు."

"డిసెంబర్లోనా? పళ్లు కోతకొచ్చి ఉంటే పెళ్లెవరు సేత్తారు బాబూ? కోతలవనీ. మాఘంలో సేద్దాం."

అది ఆశీర్వాదమని అజయ్‌కి అర్థం కావడానికి కొంత వ్యవధి పట్టింది.

"అమెరికావోడికి సెప్పు," అంది సోని, మొదటిసారిగా 'సారూ' అన్న పిలుపును వదిలిపెట్టి, "ఇంకొక్క ఏడు ఆగమని. పెళ్లి కాయితమైనా సదివి సంతకం ఎట్టు."

"నువ్వు ఎదురుగా ఉంటే ఎలా చదవను?"