కడిగి బోర్లించిన కంచం

బొగ్గుబాయి కాలనీలో తొమ్మిదో వరుస దగ్గరకొచ్చేసరికి నైట్ షిఫ్టుకు పోయేవాళ్లు కూడా బండి వేగం పెంచుతారు. ఆ వరుస చివర తాళం పడిన క్వార్టర్ ఒకటుంది. తలుపు మీద నంబరు ఎప్పుడో చెరిగిపోయింది గానీ పేరు మాత్రం చెరగలేదు... మల్లక్క ఇల్లు.

ఇరవై ఏళ్ల కిందట మల్లక్క ఆ ఇంట్లో పసిబిడ్డతో ఉండేది. పొద్దుగూకితే చాలు, ఆ బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది. అట్లా మూడు నెలలు ఏడ్చింది. ఒకనాడు తెల్లారేసరికి తలుపుకు తాళం. తర్వాత భర్త ఒక్కడే వచ్చి సామాను తీసుకుపోయాడు, నోరు విప్పలేదు. జనం ఊరుకుంటారా? మల్లక్క చచ్చి దయ్యమైందన్నారు.

ఆ ఇంటిని ఆనుకుని ఉన్నది సత్తవ్వ క్వార్టర్. దవాఖానలో పిల్లల వార్డు ఆయమ్మగా ముప్పై ఏళ్లు చేసి ఉద్యోగం దిగిపోయి, ఇప్పుడు కొడుకు లక్ష్మీరాజం దగ్గరుంటోంది. ఎంతమంది పసివాళ్లను భుజాన వేసుకుని ఊరుకోబెట్టిందో లెక్కలేదు. కానీ ఆ మూడు నెలల్లో మల్లక్క తలుపు ఒక్కసారీ తట్టలేదు. డ్యూటీ నుంచి అలసి వచ్చేది కదా... కిటికీ మూసుకుని పడుకునేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మొన్నటి వానాకాలంలో మళ్లీ ఏడుపు మొదలైంది.

తాళం పడిన ఇంట్లోంచి.

గోడ అవతల, సన్నగా, ఆగి ఆగి... అదే గుక్క. సత్తవ్వ చెయ్యి దానంతటదే కిటికీ మూసింది. మూసినాక ఆ చెయ్యినే చూసుకుంది. "నాకోసమే వచ్చింది" అనుకుంది.

మర్నాడు పొద్దుగూకినాక స్టీలు కంచంలో పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు తీసుకుపోయి మల్లక్క గడప ముందర మెట్టు మీద పెట్టింది. "అప్పుడు పెట్టని ముద్ద... ఇప్పుడన్న తిను తల్లీ" అని గొణిగి, వెనక్కి చూడకుండా వచ్చింది.

తెల్లారి చూస్తే కంచం ఖాళీ. కుక్క తిన్నదనుకోవచ్చు. కానీ కుక్క కంచం కడగదు కదా! అది శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది.

పదకొండు రోజులు అట్లాగే జరిగింది.

"నీ చేతి వంట దయ్యానికి గూడ నచ్చిందే సత్తవ్వా!" అంది ఎదురింటి శంకరవ్వ. "మా ఇంటాయినకు ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న కంచం కడిగే బుద్ధి పుట్టలే."

సత్తవ్వకు నవ్వు రాలేదు.

పన్నెండో రాత్రి లక్ష్మీరాజం నైట్ షిఫ్టుకు పోయాడు. ఏడుపు ఎప్పటికన్నా గట్టిగా, ఎప్పటికన్నా ఎక్కువసేపు సాగింది. గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి...

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని సత్తవ్వ భరించలేకపోయింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఏడుపుకు మూసిన కిటికీని తిరిగి తెరిచింది.

మెట్టు మీద తెల్లటి ఆకారం. విరబోసిన జుట్టు. తల వంచుకుని... తింటోంది.

సత్తవ్వ టార్చి తీసుకుని బయటికి నడిచింది. అది ధైర్యం కాదు. మళ్లీ మూసుకుంటే ఈసారి ఏమవుతుందో అన్న భయం.

"ఎవలు?... మల్లక్కా?"

నోటి దాకా పోయిన ముద్ద ఆగింది. తల మెల్లగా లేచింది.

"తిట్టకవ్వా... ఆకలైతే తిన్న."

టార్చి వెలుతురులో తెల్ల నైటీ వేసుకున్న బక్కపలుచని పిల్ల. పేరు కావ్య అని చెప్పింది, పుట్టిల్లు ఖానాపూర్. రెండు వారాల కింద వెనక వరుసలో దిగారు. మల్లక్క ఇంటి వెనక గోడా వాళ్ల ఇంటి వెనక గోడా ఒక్కటే. వాళ్ల పాప ఏడుపు ఆ ఖాళీ గదుల్లో మోగి సత్తవ్వ గోడ దాకా వచ్చింది. అంతే.

"పాప ఏది?"

"తొట్టెల్ల పండవెట్టిన. మా ఆయన నిరంజన్ బాయి మీదికి పోయిండు."

"ఏడుపు ఎందుకాగింది?"

కావ్య చేతిలోని ముద్ద జారిపడింది. "ఇందాక... రెండు రెక్కలు పట్టుకొని గట్టిగ ఊపబోయిన అవ్వా. నన్ను జూసి నాకే భయమైంది. పండవెట్టి బయటికచ్చిన..."

ఇద్దరూ సందులోంచి పరుగెత్తారు. సత్తవ్వ తొట్టెలలో చెయ్యి పెట్టి పాప ముక్కు దగ్గర వేలుంచింది. ఒక క్షణం... రెండు...

వెచ్చటి ఊపిరి తగిలింది. పాప పిడికిలి నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది.

కావ్య గోడకు చేరగిలపడి ఏడ్చింది. సత్తవ్వ కూడా పక్కనే కూలబడింది.

"ఊపలే గద బిడ్డా? గంతే చాలు. పసిగుడ్డును అస్సలు ఊపొద్దు, పానం మీదికొస్తది. కోపం ఆగకపోతే పండవెట్టి జర అవతలికి పోవాలె, మనసు కుదురుకున్నంక వచ్చి చూడాలె. నువ్వు గదే చేసినవ్. డాక్టరుకు చూపెట్టినవా?"

"చూపెట్టిన. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, ఏం రోగం లేదన్నరు. కొందరు పిల్లలు గిట్లనే ఏడుస్తరట, మూడు నాలుగు నెలలకు తగ్గుతదట. గాని అవ్వా... నేను దయ్యానికి పెట్టిన కూడు తిన్ననేమో. గందుకే ఏడుస్తుందా అని..."

"ఎందుకు తిన్నవ్ మరి?"

"పాపను దించుతే ఏడుపు. ఇగ వండుడెట్ల? గా మెట్టు మీద కూసుంటే ఏడుపు ఇనవడ్తది గాని తల పగలది. ఆడ అన్నం కనవడ్డది. ఎంగిలి కంచం ఇడిసిపెట్టబుద్ధి గాలే, కడిగి బోర్లిచ్చిన." కళ్లు తుడుచుకుని అడిగింది, "ఎవలికి పెడుతున్నవవ్వా రోజు?"

సత్తవ్వ ఆ పిల్ల తల నిమిరింది.

"నీకే బిడ్డా. ఇల్లు తెల్వక... ఆడ పెట్టిన."

మర్నాడు పొద్దుగూకగానే సత్తవ్వ అన్నం, పప్పు గిన్నెల్లో సర్దుకుని కావ్య ఇంటికి పోయింది. వేడన్నం తినిపించింది. పాపను తన భుజాన వేసుకుని, "నువ్వు పండు. సెలవునాడు మీ ఆయన ఎత్తుకుంటడు, మిగిలిన రోజులు నేనున్న" అంది. కావ్య మంచమెక్కిందో లేదో మొద్దునిద్ర. సత్తవ్వ రాత్రంతా ఆ గదిలోనే తిరిగింది. పాప ఏడ్చింది, ఆగింది, మళ్లీ ఏడ్చింది. పాలకు లేపినప్పుడు తప్ప కావ్య మంచం దిగలేదు.

తెల్లారి బాయి సైరన్ మోగాక సత్తవ్వ ఇంటికి బయల్దేరింది. ఇరవై ఏళ్ల బరువు కొంచెం తగ్గినట్టుంది. మల్లక్క ఇంటి ముందుకు రాగానే గుర్తొచ్చింది... నిన్న పోతూ పోతూ, అలవాటు కొద్దీ ఆ మెట్టు మీద కూడా కంచంలో ఒక ముద్ద పెట్టి పోయింది.

కంచం కడిగి, బోర్లించి ఉంది.

అంచు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.